గోడకు అంటించిన విత్తనాలు

రెండేళ్ల కిందట, వానలు వెనకబట్టిన రోజుల్లో, అయిదో తరగతి పాప ఒకర్తె అడ్డాకు దొప్పలో టమాటాలు పట్టుకొని బడికి వచ్చింది. ఒక్కొక్కటి రేగుపండు కంటే కొంచెం పెద్దది, అంతే. వాళ్ల పొలం గట్టు మీద వాటంతట అవే మొలిచాయట. వాళ్ల నానమ్మ కోసి, "బడిలో కూరలో వేయించండి" అని పంపింది. పిల్లలు చూసి నవ్వారు. "ఇవి పిట్టలు తినేవి కదా" అన్నాడొకడు. ఆ పాప తల దించుకొని దొప్పను వెనక్కి దాచుకుంది. తర్వాత నెమ్మదిగా మా దగ్గరికి వచ్చి అడిగింది: "మేష్టారూ, సంతలో అమ్మే పెద్ద టమాటాల్లో బలం ఎక్కువా, మా వాటిలోనా?"

మేము జవాబు చెప్పలేకపోయాము. తెలియకపోవడం ఒక కారణం. దానికంటే పెద్ద కారణం, ఆ దొప్ప చూడగానే మా అమ్మ గుర్తుకు రావడం.

మా ఇల్లు పాడేరు ఏజెన్సీలో ఒక చిన్న ఊరు. పెరట్లో పెంటకుప్ప పక్కన అలాంటి టమాటా మొక్కలే ఉండేవి. వాటికి ఎవరూ నారు పోయలేదు, మందు కొట్టలేదు. కంచెకు ఎగబాకి, చలికాలమంతా గుత్తులు గుత్తులుగా కాసేవి. అమ్మ బాగా ముగ్గిన పండునే విత్తనానికి ఎంచేది. పులుపు, చెట్టు బతికిన తీరు, రెండూ చూసేది. పండు చిదిమి, గింజలను పొయ్యి బూడిదలో కలిపి, మట్టిగోడకు అరచేత్తో అద్దేది. గోడ మీద అలాంటి బూడిద చేతిముద్రలు అయిదారు ఎప్పుడూ ఉండేవి. ఒకటి టమాటా, ఒకటి వంగ, ఒకటి దోస. తొలకరి పడ్డాక చాకుతో గీకి తీసేది. మా ఇంటి విత్తనాల బీరువా ఆ గోడే.

మేము భీమిలి డైట్‌లో టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి, ఉద్యోగం వచ్చిన మొదటి సంవత్సరం ఇంటికి రంగుల విత్తనాల ప్యాకెట్ ఒకటి తెచ్చాము. మీద మెరిసే పెద్ద టమాటా బొమ్మ. "ఈ పిట్టకాయలు ఎందుకమ్మా, పీకేద్దాం. వీటికి సంతలో ధర రాదు" అన్నాము. నిజమే, సంతకు వచ్చే వ్యాపారి అమ్మ బుట్టను ఎప్పుడూ పక్కన పెట్టేవాడు. కాయ చిన్నది, తొడిమ దగ్గర భుజాలు ముదురాకుపచ్చగా ఉంటాయి, రంగు సమంగా రాదు అనేవాడు. అమ్మ వాదించలేదు. "చదువుకున్నోళ్లు మీరు సెప్తన్నారు. అలాగే కానీయండి" అంది. కొన్ని మాటల్లో కోపం ఉండదు కానీ, ఏళ్ల తర్వాత కూడా గుచ్చుతూనే ఉంటాయి.

మొదటి ఏడు కాపు బాగా వచ్చింది. రెండో ఏడు అమ్మ ఎప్పటిలాగే పండు చిదిమి గోడకు అంటించింది. మొలిచిన మొక్కలు ఒకదానికొకటి పోలిక లేవు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకదాని కాయ పెద్దది, ఒకదానిది కోలగా. హైబ్రిడ్ అంటే రెండు వేరు వేరు తల్లిదండ్రులను కలిపి చేసిన మొదటి తరం. దాని గింజల్లో ఆ కలయిక విడిపోతుంది, పిల్లలు తల్లిలాగా రావు. అది మేము పుస్తకంలో చదువుకున్నదే. కానీ అమ్మకు చెప్పాలన్న ఆలోచన రాలేదు. మూడో ఏడు ఆకుముడత తెగులు వచ్చి మడి మొత్తం ముడుచుకుపోయింది. అదే ఏడు పక్కా ఇల్లు కట్టడానికి మట్టిగోడ పడగొట్టాము. పాత టమాటా విత్తనం ఆ గోడతో పాటు పోయింది. అమ్మ ఇప్పుడు లేదు.

అందుకే ఆ పాప ప్రశ్న మా మనసులోంచి పోలేదు. ఆ రోజు కూరలో ఆ పిట్ట టమాటాలు వేయించాము. కానీ "బలం" ఎక్కడుందో తెలుసుకోకుండా ఊరికే "మనవే గొప్పవి" అనడం ఉపాధ్యాయుల పని కాదు. పుస్తకాలు వెతికాము, తెలిసినవాళ్లను అడిగాము. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాము, మిగతా బళ్ల ఉపాధ్యాయులకూ, కాలేజీలో చదువుతున్న మన పిల్లలకూ పనికొస్తుందని.

ముందుగా ఒక మాట. టమాటా మనది కాదు. మా అమ్మ నాటు టమాటా కూడా ఒకప్పుడు సముద్రం దాటి వచ్చినదే. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలో పెరూ, ఈక్వెడార్ వైపు ఆండీస్ కొండలు, వాటి పక్కన తీరం. అక్కడ అడవి టమాటాలు ఇప్పటికీ పెరుగుతున్నాయి. దాన్ని సాగులోకి తెచ్చి పెద్ద పండుగా మార్చింది మెక్సికో ప్రాంతపు మూలవాసులు. టమాటా అనే పేరే అక్కడి నహువా ప్రజల భాషలోని 'టొమాట్ల్' అనే మాట నుంచి వచ్చింది. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు అక్కడికి వెళ్లేసరికే అక్కడి సంతల్లో రకరకాల టమాటాలు అమ్ముతున్నారు. ఆ కాలంలో సహాగున్ అనే స్పెయిన్ సన్యాసి, నహువా వాళ్లను అడిగి రాయించిన పెద్ద గ్రంథంలో టమాటాలు అమ్మేవాళ్ల వర్ణన కూడా ఉంది. తర్వాత అది యూరప్ వెళ్లి, అక్కడి ఓడల్లో మన దేశం చేరింది. కొత్తగా వచ్చింది కాబట్టే ఒడియాలో దాన్ని బిలాతి వంకాయ అన్నారు. మన వాళ్లు కొందరు రామములక్కాయ అన్నారు. ప్రపంచమంతా ఈరోజు వంటింట్లో పలికే మాట ఒక మూలవాసీ భాషది అని తెలిసినప్పుడు మా పిల్లలు తలలెత్తి చూశారు. ఇంటి భాష మాట్లాడితే సిగ్గుపడే పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పి చూడండి.

ఇక బలం సంగతి. టమాటాలో తొంభై శాతానికి పైగా నీరే. మిగిలిన కొంచెంలోనే చక్కెర, పులుపు, పీచు, మనం వెతుకుతున్న యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయి. ఆ మాట పిల్లలకు ఎలా చెప్పాలి? వంకాయ కోసి గాలికి ఉంచితే నల్లబడుతుంది. గొడ్డలి వానలో వదిలేస్తే తుప్పు పడుతుంది. వలిసె నూనె పాతబడితే చిక్కు వాసన వస్తుంది. గాలిలోని ఆక్సిజన్ చేసే పనులు ఇవి. మన ఒంట్లో కూడా అలాంటి పని జరుగుతూనే ఉంటుంది. దాన్ని కొంత అడ్డుకునే పదార్థాలే యాంటీ ఆక్సిడెంట్లు. మొక్క వాటిని మన కోసం చేసుకోదు. ఎండ నుంచి, పురుగు నుంచి, తెగులు నుంచి తనను కాపాడుకోవడానికి, పిట్టలకు "పండాను, రండి" అని రంగుతో చెప్పడానికి చేసుకుంటుంది.

టమాటాలో ఇవి ముఖ్యంగా నాలుగు రకాలు. ఎరుపునిచ్చేది లైకోపీన్. నారింజ రంగునిచ్చేది బీటా కెరోటిన్, ఇది ఒంట్లో విటమిన్ ఎ గా మారుతుంది. లైకోపీన్ అలా మారదు. మూడోది విటమిన్ సి, ఇది గుజ్జులో, రసంలో ఉంటుంది. నాలుగోవి ఫినాల్స్, ఫ్లేవనాయిడ్లు. రూటిన్, నారింజెనిన్ చాల్కోన్ వంటి ఈ ఫ్లేవనాయిడ్లు దాదాపు అంతా తొక్కలోనే ఉంటాయి. పసుపుపచ్చ టమాటాలో లైకోపీన్ చాలా తక్కువ. కాబట్టి రంగు చూసి కొంత చెప్పవచ్చు, అంతా చెప్పలేము.

తొక్క దగ్గరే మాకు మంచి లెక్కల పాఠం దొరికింది. ఆరు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న పెద్ద టమాటా ఒకటి, రెండు సెంటీమీటర్ల పిట్ట టమాటాలు కొన్ని తీసుకున్నాము. రెండింటినీ గుండ్రని బంతులు అనుకుందాం. పెద్దదాని ఘనపరిమాణం చిన్నదానికి ఇరవై ఏడు రెట్లు. ఉపరితలం మాత్రం తొమ్మిది రెట్లే. అంటే ఒక పెద్ద పండుకు సరిపడా తినాలంటే ఇరవై ఏడు చిన్నవి తినాలి, అప్పుడు కడుపులోకి పోయే తొక్క మూడు రెట్లు. పిల్లలు మట్టి ఉండలు చేసి, కాగితం చుట్టి, కొలిచి చూశారు. చెర్రీ టమాటాల్లో తొక్కలోని ఫ్లేవనాల్స్ ఎక్కువగా ఉంటాయని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పినదానికి ఒక కారణం ఇదే. పిట్టకాయ అని నవ్విన వాడే ఆ రోజు నల్లబల్ల మీద లెక్క చేశాడు.

మరి అడవి టమాటాలు? ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. అడవిలో పుట్టిందల్లా మంచిదని మనకు చెప్పుకోవడం ఇష్టం. కానీ అడవి టమాటా జాతుల్లో చాలావాటి పండ్లు పండినా ఆకుపచ్చగానే ఉంటాయి. వాటిలో లైకోపీన్ ఉండదు, తినడానికి రుచి ఉండదు. ఎర్రగా పండే చిన్న జాతి పింపినెల్లిఫోలియం. మన సాగు టమాటాకు దగ్గరి పూర్వీకురాలు అదే. దాని పండు బఠాణీ గింజంత. ఆ ఆకుపచ్చ పండ్ల జాతులకూ విలువ లేకపోలేదు. 1962లో పెరూలో అడవి బంగాళాదుంపల కోసం వెళ్లిన హ్యూ ఇల్టిస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరుడు దారిలో కలుపుమొక్కలా కనిపించిన ఒక టమాటా గింజలు తీసి చార్లెస్ రిక్ అనే టమాటా శాస్త్రజ్ఞుడికి పంపారు. పండు చిన్నది, పచ్చనిది, పైకి ఎందుకూ పనికిరానిది. దాన్ని సాగు టమాటాతో కలిపితే పండులో చక్కెర పెరిగింది. నేడు ఆకుముడతను తట్టుకునే చాలా రకాల్లోని గుణం కూడా చిలెన్స్ అనే మరో అడవి జాతి నుంచి తెచ్చినదే. మా మడిని ముంచిన తెగులుకు మందు ఎక్కడో కొండల మీద ఎవరూ పట్టించుకోని మొక్కలో ఉంది.

అంగట్లో దొరికే రకాల సంగతి చూద్దాం. వాటిని పెంచినవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. మదనపల్లె లాంటి పెద్ద మార్కెట్ నుంచి లారీలో వందల కిలోమీటర్లు పోవాలంటే తొక్క గట్టిగా ఉండాలి, ఎక్కువ రోజులు నిలవాలి, పెట్టె తెరిస్తే అన్నీ ఒకే రంగులో కనిపించాలి. అలాంటివే ఎంచుకుంటూ పోయారు. అలా ఎంచడంలో పోయినదేమిటో చాలా ఆలస్యంగా తెలిసింది. 2012లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పచ్చికాయ మీద ముదురాకుపచ్చ భుజాలు లేకుండా, కాయంతా ఒకే లేత రంగులో ఉండి సమంగా పండే గుణాన్ని డెబ్భై ఏళ్లుగా రకాల్లోకి తెస్తున్నారు. ఆ గుణం నిజానికి ఒక జన్యువు చెడిపోవడం వల్ల వచ్చినదని అందులో తేలింది. ఆ జన్యువు సరిగ్గా ఉంటే కాయ భుజాల్లో పత్రహరితం ఎక్కువ తయారవుతుంది. దానివల్ల పండులో చక్కెర, లైకోపీన్ వంటి రంగు పదార్థాలు పెరుగుతాయి. ఇది చదివిన రోజు మేము చాలాసేపు కదలకుండా కూర్చున్నాము. వ్యాపారి వద్దని పక్కన పెట్టింది, మేము తప్పని అమ్మకు చెప్పింది, ఆ ఆకుపచ్చ భుజాలనే.

ఎక్కువ రోజులు నిలవడానికి వాడే మరో గుణం ఉంది. పండటాన్ని నెమ్మదింపజేస్తుంది, దాంతో పాటు ఎరుపు కూడా తగ్గుతుంది. కొన్నిసార్లు తప్పు రకంలో కాక కోతలో ఉంటుంది. దూరం పంపేవాళ్లు రంగు తిరగడం మొదలవ్వగానే కోస్తారు. చెట్టున ముగ్గిన పండు రుచి దానికి రాదు. ఎండ కూడా ఒక కారణమే. ముప్పై డిగ్రీలు దాటిన వేడిలో లైకోపీన్ సరిగా తయారుకాదు, పండు నారింజ రంగులోనే ఆగిపోతుంది. మైదానంలో వేసవి టమాటా పాలిపోయి ఉండటానికి, మన కొండ మీద చలికాలపు టమాటా ఎర్రగా పండటానికి తేడా అక్కడుంది. కాబట్టి ఒకే విత్తనం రెండు ఊళ్లలో రెండు రకాల బలం ఇస్తుంది.

హైబ్రిడ్ అంటే విషం అని చెప్పేవాళ్లు కూడా మన మధ్య ఉన్నారు. అది సరికాదు. లైకోపీన్ ఎక్కువగా ఉండేలా, బీటా కెరోటిన్ ఎక్కువగా ఉండేలా పెంచిన రకాలు ఉన్నాయి. అడవి జాతుల గుణం కలిపి, మామూలు సంకరంతోనే, ఊదారంగు టమాటా తెచ్చినవాళ్లు ఉన్నారు. నేరేడుపండుకు ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లే దాని తొక్కలోనూ ఉంటాయి. మూడు తెగుళ్లను తట్టుకునే అర్క రక్షక్ అనే హైబ్రిడ్‌ను మన దేశపు ప్రభుత్వ సంస్థే తయారుచేసింది. అమ్మకానికి పండించే మన రైతు అలాంటి రకం వేసుకుంటే తప్పు పట్టాల్సిన పని లేదు. మా తప్పు హైబ్రిడ్ వేయడం కాదు. వేసేటప్పుడు పాతదాన్ని పీకడం.

ఇంకో హెచ్చరిక కూడా చెప్పాలి. యాంటీ ఆక్సిడెంట్ అన్న మాటను డబ్బాల మీద రాసి అమ్మేవాళ్లు ఎక్కువయ్యారు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చి చూస్తే, మేలు జరగకపోగా ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని 1994లో తేలింది. పండులో మిగతావాటితో కలిసి ఉన్నది వేరు, మాత్రగా మింగేది వేరు. మన పిల్లలకు కావలసింది మాత్ర కాదు, కూర.

కూర అంటే వంట విషయం వస్తుంది. లైకోపీన్ నూనెలో కరుగుతుంది. ఉడికితే పండు కణాలు విడిపోయి అది బయటికి వస్తుంది. కాబట్టి కొంచెం వలిసె నూనెలో మగ్గించిన టమాటా నుంచి లైకోపీన్ ఒంటికి బాగా పడుతుంది. విటమిన్ సి దానికి వ్యతిరేకం, ఉడికేకొద్దీ తగ్గుతుంది. మన అమ్మలు నిప్పుల మీద కొద్దిగా కాల్చి, పచ్చిమిర్చి వేసి రోట్లో నూరే పచ్చడి ఈ రెండింటికీ మధ్య దారి. తొక్క తీసి పారేయకపోవడం కూడా మంచిదే.

ఉపాధ్యాయులుగా మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది రక్తహీనత. ప్రార్థనలో నిలబడలేక కూర్చుండిపోయే ఆడపిల్లలను మనమందరం చూశాము. చోళ్లలో, ఆకుకూరల్లో ఇనుము ఉంది. కానీ మొక్కల ఇనుము ఒంటికి అంత సులభంగా పట్టదు. అదే ముద్దలో విటమిన్ సి ఉంటే బాగా పడుతుంది. చోడి అంబలి పక్కన టమాటా పచ్చడి, ఆకుకూరలో టమాటా వేయడం వెనక ఉన్న మేలు ఇదే. అన్నం తినగానే టీ తాగితే ఆ ఇనుము పట్టడం తగ్గుతుంది, ఇది కూడా పిల్లలకు చెప్పండి. అయితే విటమిన్ సి కోసం టమాటా ఒక్కదాన్నే నమ్ముకోనక్కరలేదు. వంద గ్రాముల టమాటాలో అది సుమారు 14 మిల్లీగ్రాములే. మన అడవి ఉసిరిలో, పెరటి జామలో దానికి ఎన్నో రెట్లు ఉంది. టమాటా గొప్పతనం ఏమిటంటే రోజూ కూరలో పడుతుంది.

ఇక ఆ పాపకు జవాబు. ఇన్నీ తెలుసుకున్నాక ఇలా చెప్పాము: "చిన్నదానిలో తొక్క ఎక్కువ కాబట్టి తొక్కలో ఉండేవి ఎక్కువ ఉండవచ్చు. చెట్టునే ముగ్గింది కాబట్టి రంగు, రుచి బాగున్నాయి. కానీ మీ టమాటాను ప్రయోగశాలలో ఎవరూ కొలవలేదు. కొలవకుండా ఎక్కువని చెప్పము. తక్కువని నవ్వడానికి మాత్రం ఎవరికీ హక్కు లేదు." పాప కాసేపు ఆలోచించి, "అయితే కొలిచే వరకు ఉంచాలి కదా మేష్టారూ" అంది. మేము ఇంత చదివి తేల్చినదాన్ని ఆ పాప ఒక్క మాటలో చెప్పింది. కొలవాలంటే ముందు అది బతికి ఉండాలి.

వాళ్ల నానమ్మ దగ్గరికి వెళ్లి విత్తనం అడిగాము. ఇప్పుడు బడి పెరట్లో రెండు మళ్లు ఉన్నాయి, ఒకటి నాటుది, ఒకటి కొన్నది. ఎప్పుడు పూత వచ్చింది, ఎన్ని కాయలు, ఏ తెగులు, ఏది ఎన్ని రోజులు నిలిచింది అని పిల్లలు నోటుపుస్తకంలో రాస్తున్నారు. నిజం చెప్పాలంటే బరువులో కొన్న రకమే గెలిచింది. రెండో కోతకు ఆకుముడత వచ్చినప్పుడు నాటు మొక్కల్లో కొన్ని నిలబడ్డాయి, కొన్ని పోయాయి. నిలబడినవాటికే గుడ్డ పీలిక కట్టి విత్తనానికి ఉంచాము. గింజలను వాటి రసంలోనే రెండు మూడు రోజులు పులియబెట్టి, జిగురు పోయేలా కడిగి, నీడలో ఆరబెడుతున్నాము. బూడిదలో కలపడం మాత్రం వదల్లేదు.

యువకులకు ఒక మాట. 2001లో మన దేశం చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన పొలంలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, తిరిగి వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు; బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా. రైతులు కాపాడిన రకాన్ని వాళ్ల పేరు మీదే నమోదు చేయించుకునే వీలు అందులో ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ఒక కమిటీ, ఊరి మొక్కల వివరాలు రాసే ఒక రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు ఉందో లేదో అడగండి. ఉంటే అందులో మీ నానమ్మ పెరటి మొక్కలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే మీరే రాయించండి. డిగ్రీ చదివే పిల్లలైతే వీటిని కొలిచే పని కూడా చేపట్టవచ్చు. మన మొక్కల గురించి పరిశోధన పత్రం రాసేవాళ్లలో మన పేర్లు కూడా ఉండాలి.

మొన్న సంక్రాంతి సెలవులకు ముందు విత్తనాలు దాచే రోజు పెట్టుకున్నాము. బడి గోడ సిమెంటుది, రంగు వేసినది, బూడిద పట్టదు. పిల్లలు పాత అట్టముక్కలు తెచ్చి, బూడిదలో కలిపిన గింజలను అరచేతులతో వాటి మీద అద్దారు. ఒక్కొక్క అట్ట మీద విత్తనం పేరు, ఎవరింటిదో ఆ పేరు, తేదీ రాశారు. వాటిని తరగతి గదిలో వరుసగా వేలాడదీశాము. చిన్న చిన్న చేతిముద్రలు. ఆ రోజు తరగతి గదిలోకి వెళ్లిన ప్రతిసారీ మాకు మా ఇంటి మట్టిగోడ కనిపించింది.

మా అమ్మ విత్తనం తిరిగి రాదు. ఆ పాప నానమ్మది ఉంది. మీ ఊళ్లో ఎవరిదో ఒకరిది ఇంకా ఉండే ఉంటుంది. గోడ పడగొట్టే ముందు ఒకసారి గీకి చూడండి.